గేజ్ ఆర్థర్ పాము

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మా తరంలో ఆర్థర్లు ముగ్గురుండేవారు. పొడుగు ఆర్థర్, ఫుట్‌బాల్ ఆర్థర్, గేజ్ ఆర్థర్. మొదటి ఇద్దరి కథలూ చెప్పుకునేవాళ్ళు టీ కొట్ల దగ్గర ఇప్పటికీ దొరుకుతారు. గేజ్ ఆర్థర్ గురించి ఎవరూ ఏమీ చెప్పుకునేవారు కాదు. సుభాష్‌పల్లిలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాడు. పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లి, పేపరు చదివి, తలుపు దగ్గరగా వేసుకుంటాడు. ఆ ఇంట్లోకి పాము వచ్చేదాకా ఆయన గురించి చెప్పుకోవడానికి నిజంగానే ఏమీ లేదు.

గేజ్ అన్న పేరు పనిని బట్టి వచ్చింది. బోగీల కింద బ్రేకు సామానులో పిన్నులు దూరే రంధ్రాలుంటాయి. రంధ్రం సరిగ్గా ఉందా, అరిగి వదులైందా అని చూడడానికి ఉక్కుతో చేసిన పొట్టి కడ్డీ ఒకటి ఉంటుంది. దాని ఒక కొస రంధ్రంలోకి దిగాలి, దాన్ని గో అంటారు. రెండో కొస దిగకూడదు, అది నో-గో. ఆర్థర్ ఉద్యోగమంతా ఆ కడ్డీ పట్టుకునే గడిచింది. చూసిన సామాను మీద సుద్దముక్కతో ఒక గీత పెట్టేవాడు. ఆ గీత ఉన్నదాన్ని మళ్ళీ ఎవరూ కొలిచేవారు కాదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన నేర్పేది ఒకే ఒక్క మాట: గేజు తన బరువుకు తానే దిగాలి, చేత్తో తొయ్యకూడదు. తోస్తే దిగకూడని కొస కూడా దిగుతుంది, బాగున్న రంధ్రం కూడా పాడవుతుంది, కొలత మాత్రం అబద్ధం చెబుతుంది.

ఆ మాట నేర్చుకున్నవాళ్ళలో మోహనకృష్ణ ఒకడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం, నిమ్‌పురా క్వార్టర్లలో పుట్టి పెరిగాడు. ఆర్థర్ చేతికింద పనిలో చేరి, ఆయన రిటైరయ్యాక ఆ కడ్డీ అందుకున్నవాడు కూడా అతనే. ఇద్దరికీ స్వభావాల్లో పోలికే లేదు. ఆయన పది మాటలు విని ఒకటి మాట్లాడే మనిషి, ఇతను ఒకటి విని పది మాట్లాడతాడు. అయినా ఆర్థర్ భార్య దేవమణి జబ్బుపడి చివరి నెలలు మంచంలో ఉన్నప్పుడు ఆ ఇంటికి అన్నం క్యారేజీ మోహనకృష్ణ ఇంటి నుంచే వచ్చేది. అతని భార్య మీనాకుమారి వచ్చి దేవమణికి తల దువ్వి, బట్టలు మార్చి వెళ్ళేది. ఆ రోజుల్లోనే ఆర్థర్ తన ఇంటి తాళంచెవి ఒకటి మోహనకృష్ణకు ఇచ్చాడు. దేవమణి పోయాక కూడా తిరిగి అడగలేదు. సాయంత్రమయ్యేసరికి అతను ఆ తాళంచెవితోనే తలుపు తీసుకుని, "అన్నా, ఏటి సేస్తన్నావు?" అంటూ లోపలికొచ్చేవాడు.

పాము షైని తెచ్చింది. షైని ఆర్థర్ చెల్లెలి కూతురు. కలకత్తాలో ఉద్యోగం చేస్తూ ముచ్చటపడి పెంచుకున్న విదేశీ కొండచిలువ అది. బాల్ పైథాన్ అంటారట. ముంజేతంత లావు ఉండదు, విషం లేదు, భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నవే. పుణేకి బదిలీ అయ్యేసరికి అక్కడ ఇల్లిచ్చేవాళ్ళు పాము అనగానే ఫోను పెట్టేశారు. అద్దాల పెట్టెతో సహా కారులో వేసుకుని మావయ్య ఇంటికి వచ్చింది.

"నువ్వు తప్ప ఇంకెవరు సూత్తారు మావయ్యా దీన్ని? కుక్కలాగ అరవదు. పిల్లిలాగ పారిపోదు. నీలాగే, ఓ మూల కూకుని ఉంటాది."

ఆ చివరి మాటకు ఆర్థర్ నవ్వాడని, అందుకే ఒప్పుకున్నాడని షైని తరవాత నాతో అంది.

ఊరు ఊరుకోలేదు. తెలుగు చర్చిలో పాస్టరుగారు ఆరాధన అయ్యాక అందరి ముందూ, "ఆర్థర్ బ్రదర్, సాతానుకి అన్నం పెడుతున్నారట" అన్నారు. "ఏదెను తోటలోది మాటలాడింది పాస్టరుగారూ. ఇది మాటలాడదు" అన్నాడు ఆర్థర్. నాగులచవితి నాడు వెనకవీధి దాలమ్మ తలస్నానం చేసి గిన్నెడు పాలతో గుమ్మంలో నిలబడింది.

"ఇది పాలు తాగదు దాలమ్మా. మన దేశం పాము కూడా కాదిది."

"ఏ దేశపుదైతే ఏటి బాబూ, నాగన్న నాగన్నే. నువ్వు పక్కకి తప్పుకో."

ఆమెను లోపలికి రానిచ్చి, పెట్టె ముందు గిన్నె పెట్టనిచ్చి, దణ్ణం పెట్టుకోనిచ్చాడు. ఆమె వెళ్ళాక ఆ పాలతో టీ కాచి నాకూ పోశాడు. ఇలాంటి సంగతులు చెప్పుకుని ఊరు కొన్నాళ్ళు నవ్వుకుంది.

పాము పేరు టోని. అమ్మిన కొట్టువాడు మగదని చెప్పాడట, షైని ఆ పేరు పెట్టింది. మోహనకృష్ణకు ఆ పేరు తెగ నచ్చింది. వచ్చినప్పుడల్లా అద్దం మీద వేలితో తట్టి, "ఏరా టోనిగా, తిన్నావా?" అనేవాడు. ఆర్థర్ ఒక్కరోజూ ఆ పేరుతో పిలవలేదు. అది అనే అనేవాడు. మన భాషలో ఆడదైనా అదే, జంతువైనా అదే. మగదని తేలితేనే వాడు, వీడు అనాలి. ఎవరూ కొలవకుండా ఎలా అంటాం అన్నది ఆయన పద్ధతి. పాము అద్దం మీదికి పాకినప్పుడు అడుగు భాగం కనబడేది. ఆర్థర్ భూతద్దం పెట్టుకుని, దాన్ని ముట్టుకోకుండా ఆ తోక చూసేవాడు. మగదానికి తోక కాస్త పొడుగ్గా, మొదట్లో లావుగా ఉంటుందని చదివాడు. దీని తోక పొట్టిగా ఉండి, వెంటనే సన్నబడిపోతోంది.

"నాకెందుకో ఆడదే అనిపిస్తందిరా" అన్నాడు ఒక సాయంత్రం. నేనూ అక్కడే ఉన్నాను.

"అదేటన్నా! పేరే టోని గదా."

"పేరు పెట్టినోడు గేజు పెట్టి సూసినాడేటి?"

"నువ్వు సూడు మరి. ఈ ఊర్లో నీకన్నా గేజు పట్టీవోడెవడు?" అని మోహనకృష్ణ ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. అందులో ఎవడో తెల్లవాడు పామును తిరగేసి, తోక మొదట్లో ఉన్న ద్వారంలోకి సన్నటి పుల్ల దింపుతున్నాడు. "సూడన్నా. లోతుగా దిగితే మగది. దిగకుండా ఆగిపోతే ఆడది. గో, నో-గో. మన పనే! దీనికి కలకత్తా ఎందుకు, డాక్టరెందుకు?"

"బోల్టు కన్నానికి నొప్పుండదు మోహనా. దీనికుంటాది."

"ఓరి బాబో, పాముకి నొప్పంట!"

ఆ మాట అప్పటికి నవ్వులో పోయింది. చలికాలం వచ్చేసరికి నవ్వే సంగతి కాకుండా పోయింది. పాము తిండి మానేసింది. ఒక వారం, రెండు వారాలు, ఆ తరవాత ఆర్థర్ వారాలు లెక్కపెట్టడం మానేసి పెట్టె పక్కనే కుర్చీ వేసుకున్నాడు. చిన్న ఫ్రిజ్‌లో గడ్డకట్టించి దాచిన ఎలుకను మంచు కరిగించి, వేడిచేసి, పొడుగాటి పట్టకారుతో ముందు పెట్టేవాడు. అది ముక్కు పక్కకు తిప్పుకునేది.

కలకత్తాలో ఇలాంటి జంతువులను చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. షైని ఆమె నంబరు ఇచ్చింది. ఆమె ఫోనులో చెప్పిందాన్ని ఆర్థర్ నాకు మళ్ళీ చెప్పాడు. మగదైతే ఈ కాలంలో తినకపోవడం మామూలే, భయం లేదు. ఆడదైతే లోపల గుడ్లు ఎదుగుతూ ఉండొచ్చు. జత లేకపోయినా ఎదుగుతాయి. అవి బయటికి రాకపోతే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ముందు ఏదో తేలాలి. "ఇంట్లో మీరేమీ చెయ్యకండి. పెద్ద పామును ఒత్తి చూడకూడదు. లోపల ఏ పుల్లా పెట్టకూడదు. కుబుసం వదిలితే చిరగకుండా దాచండి, దాని తోక భాగంలో కొంత తెలుస్తుంది. మిగతాది నేను స్కాన్‌లో చూస్తాను." ఆమె చెప్పిన తేదీ ఫిబ్రవరి చివర్లో.

ఈలోగా ఆర్థర్ కంటికి శుక్లం ఆపరేషను పడింది. నాలుగైదు రోజులు కలకత్తా రైల్వే ఆసుపత్రిలో ఉండాలి. పామును చూసుకోవడానికి మోహనకృష్ణ కాక ఇంకెవరున్నారు? వెళ్ళే ముందురోజు అతన్ని పెట్టె ముందు నిలబెట్టాడు. నీళ్ళ గిన్నె ఎప్పుడు మార్చాలో, కింద వేడి పలక ఎంతలో ఉంచాలో చెప్పాడు. ఆఖర్న, "దాన్ని పైకి తియ్యకు. పుల్ల గిల్ల ఏటీ పెట్టకు. డాక్టరమ్మ సెప్పింది విన్నావు గదా" అన్నాడు.

"అయ్యో, పెట్టన్లే."

"అలా కాదు. ఒట్టెయ్యి."

"నీ మీదొట్టన్నా" అని మోహనకృష్ణ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఒట్టు వేయించుకోవడం ఆర్థర్ అలవాటు కాదు. ఆ రోజు ఎందుకు అడిగాడో ఆయనకే తెలియదు.

ఆపరేషనయ్యాక ఇంటికి తీసుకొచ్చింది నేనే. నల్లకళ్ళద్దాలతో లోపలికి అడుగుపెట్టి, ముందు పెట్టె దగ్గరికే వెళ్ళాడు. పాము దాక్కునే కుండపెంకు కింద లేదు. నీళ్ళ గిన్నెలో సగం మునిగి పడుంది. తోక మొదలయ్యేచోట వాచి ఉంది. ఆయనకు సరిగ్గా కనబడక నన్ను చూడమన్నాడు. నేను చూసి, వాపుందని చెప్పాను. సాయంత్రం మోహనకృష్ణ వచ్చాడు.

"సలికి అలాగ ముడుసుకుందన్నా" అన్నాడు. "నానేటీ సెయ్యలేదు. నీళ్ళు మార్సినాను, అంతే." ఆ రోజు అద్దం తట్టలేదు, ఏరా టోనిగా అనలేదు. తొందరగా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని కలకత్తా వెళ్ళాం. రైల్లో వెళితే ఖర్చు తగ్గేది, కానీ బోగీలో పామును తీసుకెళ్ళడం రూలుకు విరుద్ధమని ఆర్థర్ ఒప్పుకోలేదు. దారంతా దుప్పటి కప్పిన పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. గతుకుల్లో కారు ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో పెట్టెను పైకెత్తి పట్టుకునేవాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పామును తువ్వాలు మీద పడుకోబెట్టి, కడుపు మీద జెల్లు రాసి, స్కాన్ చేసే పరికరాన్ని మెల్లగా జరిపింది. తెర మీద ద్రాక్షగుత్తిలా గుండ్రటి నీడలు వరసగా కనిపించాయి. "ఎ తో మేయే, కాకూ" అంది నవ్వుతూ. ఇది ఆడపిల్ల అని. గుడ్లు ఇంకా చిన్నవే, వాటి వల్ల భయం లేదు అంది. తరవాత వాపు దగ్గర దీపం పెట్టి చూసింది. నవ్వు పోయింది. లోపల చీరుకుపోయిందని, చీము పడుతోందని చెప్పింది. ఎవరో గట్టి పుల్ల లోపలికి తోశారు, ఎవరు తోశారు అని అడిగింది.

"నో మేడమ్" అన్నాడు ఆర్థర్. ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "మేరే ఘర్ మే ఐసా ఆద్మీ కోయీ నహీ. మా ఇంట్లో అలాంటి పని చేసేవాళ్ళెవరూ లేరు."

ఆమె ఆయన వంకా నా వంకా చూసి చేతి తొడుగులు మార్చుకుంది. గాయం కడిగి, సూదిమందు వేసి, రోజూ వెయ్యాల్సిన మందులు ఎలా వెయ్యాలో నేర్పింది. నిలబడుతుందా అని అడిగితే, వారం ఆగితే తెలుస్తుంది అంది. తిరుగు దారిలో కొలాఘాట్ వంతెన దగ్గర ఆర్థర్ దుప్పటి అంచు ఎత్తి పామును చూసుకున్నాడు. దాటాక, "తలుపు సందులోంచి ఎలక దూరి ఉంటాది. కొరికేసి ఉంటాది" అన్నాడు. నేను అవునన్నాను. ఎలుక కొరికితే లోపల చీరుకుపోదని ఆయనకూ తెలుసు.

రెండు రోజుల తరవాత మందు కొనడానికి నిమ్‌పురా వైపు వెళ్ళాం. పాత వర్క్‌షాపువాళ్ళు కూర్చునే టీ కొట్టు ముందు నుంచే దారి. ఫుట్‌బాల్ ఆర్థర్ దూరం నుంచే ఈయన్ని చూసి గ్లాసు పైకెత్తాడు.

"ఏటి గురూ! టోనిగాడు గోయా, నో-గోయా?"

బెంచీ మీద ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. గేజ్ ఆర్థర్ నవ్వలేదు. నల్లకళ్ళద్దాలు తీసి వాళ్ళవైపు చూశాడు. ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. ఒకడు టీ గ్లాసులోకి చూశాడు. ఒకడు బీడీ వెలిగించబోయి అగ్గిపుల్లలు కింద పోసుకున్నాడు. ఫుట్‌బాల్ ఆర్థర్ మాత్రం, "అదేటి, మోహన నీకు సెప్పలేదేటి?" అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

గేజ్ ఆర్థర్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. అక్కడి నుంచి నేరుగా మోహనకృష్ణ ఇంటికి నడిచాడు. నేను వద్దన్నా ఆగేవాడు కాదు, అందుకే వెనకే వెళ్ళాను.

మోహనకృష్ణ ఇంట్లో లేడు. మీనాకుమారి తలుపు తీసి, ఆయన ముఖం చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సచ్చిపోనాదేటన్నయ్యా?"

"లేదమ్మా. బతికే ఉంది. ఆ రోజు ఏటి జరిగిందో సెప్పు."

ఆమె గుమ్మంలోనే కూలబడి చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం మోహనకృష్ణ వర్క్‌షాపువాళ్ళను నలుగురిని ఆర్థర్ ఇంటికి తీసుకెళ్ళాడు. గేజ్ ఆర్థర్ వల్ల కానిది నేను తేలుస్తాను చూడండి అని వాళ్ళతో అన్నాడు. ఇద్దరు పామును సాగదీసి పట్టుకున్నారు. "వొద్దయ్యా, అన్నయ్య లేనప్పుడు వొద్దు అని నాను ఎనకే ఎల్లి మొత్తుకున్నాను. నన్ను పక్కకి తోసీసినాడు. నెత్తురు సూసి నాను పారొచ్చేసినాను. నీకు సెప్తే నన్ను సంపెస్తానన్నాడు. నువ్వొచ్చేసరికి తగ్గిపోద్దిలే అన్నాడు."

"నలుగురూ సూసినారా?"

"సూసినారన్నయ్యా. సప్పట్లు కొట్టినారు."

ఇంతలో మోహనకృష్ణ సైకిలు దిగాడు. వాకిట్లో మమ్మల్ని చూసి, భార్య ముఖం చూసి, అంతా అర్థం చేసుకున్నాడు. సైకిలుకు స్టాండు వెయ్యడానికి చాలాసేపు పట్టింది.

"అన్నా, నువ్వొచ్చేసరికి తేల్సి పెడదామనుకున్నాను. అంతే. నీ బెంగ తీరిపోద్దని."

"దేంతో సేసినావు?"

"ఏటి?"

"పుల్ల. దేంతో సేసినావు? తే."

మోహనకృష్ణ లోపలికి వెళ్ళి ఒక గుడ్డ చుట్ట తెచ్చాడు. అందులో సైకిలు చక్రం పుల్ల ఉంది. ఒక కొసను గుండ్రంగా అరగదీసి, సానపట్టి, అద్దంలా మెరిసేలా తోమాడు. ఆర్థర్ దాన్ని బొటనవేలి గోటి మీద రుద్ది చూశాడు. ఒక్క చోట కూడా గరుకు తగల్లేదు.

"పని బాగా సేసినావు" అన్నాడు.

మోహనకృష్ణ ముఖం కాస్త విచ్చుకుంది. "మరి నీ దగ్గర నేర్సిందే గదన్నా. గ్రీజు కూడా రాసినాను. మెల్లగానే..."

"దాని బరువుకే దిగిందా?"

మోహనకృష్ణ సైకిలు హ్యాండిల్ సరిచేశాడు.

"నిన్నే అడుగుతున్నాను. దాని బరువుకే దిగిందా, నువ్వు తోసినావా?"

"కొంచెం ఆగింది. అందరూ సూస్తన్నారు గదా. ఆడదైపోతే ఆళ్ళు నవ్వుతారని... కొంచెమే తోసినాను అన్నా. కొంచెమే. తర్వాత దిగిపోనాది. మగదే అన్నా. గో దిగింది."

ఆర్థర్ ఆ పుల్లను మళ్ళీ గుడ్డలో చుట్టి అతని చేతిలోనే పెట్టాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని తరవాత మీనాకుమారి నాతో అంది. ఇద్దరు మగవాళ్ళు కేకలేసుకుంటే మర్నాడు టీ దగ్గర కలిసిపోతారు. ఆయన చెప్పులు వేసుకుని, "నా మీద ఒట్టేసినావురా" అని మాత్రం అన్నాడు. అది కూడా అడిగినట్టు లేదు, గుర్తు చేసినట్టు ఉంది. వీధి మలుపు దాకా వచ్చి ఆగి, "తెలీనోడు తోస్తే తెలీక అనుకుంటాను" అన్నాడు నాతో. "ఈడికి తెల్సు. నానే నేర్పినాను."

ఆ వారమంతా ఆయన ఇంటికి నేను రోజూ వెళ్ళాను. నేను పామును పట్టుకుంటే ఆయన మందు వేసేవాడు. ఒకసారి సిరంజి పక్కన పెట్టి, "నలుగురిలో ఒక్కడైనా నాకు ఫోను సెయ్యొచ్చు గదా" అన్నాడు. "ఆళ్ళందరి సామాను మీద నా సుద్ద గీతుంది." ఆ నలుగురిలో ఇద్దరు దేవమణి శవపెట్టెను భుజం మీద మోసినవాళ్ళు. ఆ సంగతి ఆయన అనలేదు. నేనే అనుకున్నాను.

మోహనకృష్ణ మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి, బయట నిలబడి తలుపు తట్టాడు. తాళంచెవి జేబులో ఉండగా ఆ తలుపు తట్టడం అదే మొదటిసారి. లోపలికొచ్చి తాళంచెవి టేబిలు మీద పెట్టాడు. ఆర్థర్ దాన్ని వెనక్కి నెడతాడని, ఉంచుకోరా అంటాడని అతను ఎదురుచూశాడు. ఆర్థర్ టీ పోశాడు, బిస్కెట్లు పెట్టాడు, కంటి ఆపరేషను గురించి రెండు మాటలు చెప్పాడు. తాళంచెవి టేబిలు మీదే ఉంది. అతను వెళ్ళాక తీసి బీరువాలో పెట్టాడు.

పాము బతికింది. వాపు తగ్గింది. ఎండలు ముదిరాక ఒకరోజు ఎలుకను అందుకుని, చుట్టేసి, మింగింది. ఆర్థర్ నాకు ఫోను చేసి, "తింది" అని ఒక్క మాట అని పెట్టేశాడు. ఆ తరవాత కుబుసం వదిలింది. దాన్ని చిరగకుండా ఒక అట్ట మీద పరిచి ఆరబెట్టాడు. తోక భాగాన్ని నాకు భూతద్దంలో చూపించి, "డాక్టరమ్మ సెప్పిందే. ఆడదే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో పాత రోజుల షాపు సంతోషం కొద్దిగా కనిపించింది. కొలత సరిపోయింది. తరవాత కుబుసం మడిచి లోపల పెడుతూ, "ఈ సంగతి మోహనకి సెప్పకండి" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. షైనికి మాత్రం ఫోనులో చెప్పాడు. ఆ పిల్ల పేరు మార్చేద్దాం మావయ్యా అని గొడవ చేసింది. తరవాత చూద్దాంలే అన్నాడు.

మోహనకృష్ణ మళ్ళీ రావడం మొదలుపెట్టాడు. రోజూ కాదు. వచ్చినప్పుడల్లా తలుపు తట్టి, ఆర్థర్ తీసేదాకా నిలబడేవాడు. మాటలు తగ్గించుకున్నాడు. కొన్నాళ్ళకు కాస్త ధైర్యం తెచ్చుకుని మళ్ళీ పెంచాడు. వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ముగ్గురం ఆ ముందుగదిలోనే కూర్చుని ఉన్నాం. పాము అద్దం పక్కన బద్ధకంగా పాకుతోంది. మోహనకృష్ణ దానివైపు చూస్తూ, చాలా రోజులుగా నోట్లో పెట్టుకున్న మాట బయటపెట్టాడు.

"అన్నా, కోప్పడకు. ఒకటడుగుతాను. డాక్టరమ్మ సూసింది గదా. ఇంతకీ ఏటన్నాది? ఆడదా, మగదా?"

నేను ఆర్థర్ వంక చూశాను. ఆయన పాము వైపే చూస్తున్నాడు.

"సెప్పలేదురా" అన్నాడు.

"స్కాన్ తీసినాదన్నావు గదా?"

"తీసింది. స్కానింగులో ఆడో మగో సెప్పకూడదంట గదా. రూలు. బయట బోర్డు పెట్టుంటాది, సూళ్ళేదేటి నువ్వు?"

"అది కడుపులో పిల్లలకి గదన్నా! పాముకి కూడానేటి?"

"ఎవులికైనా రూలు రూలే."

మోహనకృష్ణ ఒక్క క్షణం ఆయన ముఖం చూశాడు. నేను నవ్వొస్తుందేమోనని కిటికీలోంచి బయటికి చూశాను. నవ్వు రాలేదు. ఆ మాట ఇంకెవరన్నా అతను పడీపడీ నవ్వి ఉండేవాడు. కానీ రూలంటూ గేజ్ ఆర్థర్ ఒక మాట చెబితే దాన్ని మళ్ళీ ఎవరూ సరిచూడరు. అతని ఉద్యోగమంతా అలాగే గడిచింది.

"ఓలమ్మ, పాములక్కూడా పెట్టేసినారా ఈ రూలు!" అని తల ఊపాడు. ఆ తరవాత కుదుటపడ్డవాడిలా వెనక్కి వాలాడు. "అయితే నా గేజే ఆఖరన్నమాట. మగదే అన్నా. నాను సెప్పినాను గదా."

ఆర్థర్ అతని గ్లాసులో ఇంకొంచెం టీ పోశాడు.

చీకటి పడుతుండగా మోహనకృష్ణ లేచాడు. గొడుగు తీసుకుని, పెట్టె దగ్గర ఆగి, ఎన్నాళ్ళ తరవాతో అద్దం మీద వేలితో తట్టాడు.

"ఎల్లొస్తాన్రా టోనిగా" అన్నాడు.

ఆర్థర్ తలుపు తీసి పట్టుకున్నాడు. సరిదిద్దలేదు.